గొంగడి కప్పుకున్న వనకన్య

మంచిర్యాల
జూలై 8, 2025

చిరంజీవి స్తుతికి, అమ్మమ్మ రిబ్కమ్మ దీవెనలు.

పటంలో గొర్రెలు నల్లగా ఉండటం తప్పని రాశావు. తప్పు గొర్రెలది కాదు బిడ్డా, నీ చదువుది. మన దిక్కు గొర్రె నల్లదే. దాని ఉన్నితోనే గొంగడి నేస్తారు కనుక గొంగడికి వేరే రంగు వేసే పని ఉండదు. తెల్ల గొర్రెలు క్రిస్మస్ కార్డుల మీద మేస్తాయి.

ఫోన్లో అయిపోయేదానికి ఉత్తరాలెందుకని మీ అమ్మ ఏంజెల్ గొణుగుతోంది. ఫోన్లో నాకు సగమే వినబడుతుంది, మిగతా సగం నేనే కల్పించుకుంటాను. కాగితం మీదైతే నువ్వన్నది నువ్వన్నట్టే ఉంటుంది, తరవాత కాదనడానికి వీలుండదు.

సంగతికి వస్తాను. ఖానాపూర్ దగ్గర మన మిషన్ ఆడపిల్లల హాస్టల్ భోజనశాలలో అరవై ఏళ్లుగా వేలాడిన పటాన్ని మీ కాలేజీవాళ్లు వ్యాన్లో హైదరాబాద్ తీసుకెళ్లారు. మంచిదే. శుభ్రం చేస్తామన్నారు, అదీ మంచిదే. మూడు తరాల పిల్లలకు వండిన పప్పు పోపు పొగంతా దాని మీదే ఉంది. కానీ "పైన పూసిన రంగంతా తీసేస్తాం, అసలు బొమ్మ కింద ఉంది" అని రాశావు. పైన పూసినదంటే ఏది? గొంగడి కప్పుకున్న ఆడమనిషా? తలకు రుమాలు చుట్టుకొని పిల్లనగ్రోవి ఊదే మగమనిషా? అదంతా "ఎవడో చేతగానివాడి పని" అట. ఎవరో తెలియకముందే చేతగానివాడని ఎట్లా తేల్చావు?

ఆ హాస్టల్ బడిలో ముప్పై ఒక్క ఏళ్లు పంతులమ్మగా ఉన్నాను, చివరి తొమ్మిదేళ్లు హెడ్మిస్ట్రెస్‌ని. రోజూ మధ్యాహ్నం ఆ పటం కిందే అన్నం తిన్నాను. దానిలో వంకలు నీకంటే నాకే ఎక్కువ తెలుసు. అయినా దాన్ని అట్లాగే ఉంచాలని నా అభిప్రాయం.

కడిగేది ఎవరు? ఎప్పుడు? కింద ఉందంటున్న అసలు బొమ్మ ఏమిటి? విడమరిచి రాయి. పెద్ద పెద్ద మాటలు నీ పరీక్షలకు దాచుకో.

అమ్మమ్మ


హైదరాబాద్
జూలై 17

అమ్మమ్మకు వందనాలు.

గొర్రెల దగ్గర ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. మా గైడు రోజారాణి మేడంకు నీ క్రిస్మస్ కార్డుల మాట చదివి వినిపిస్తే, "మీ అమ్మమ్మ దగ్గర నేనే మళ్లీ పీహెచ్‌డీ చేస్తా" అంది. కానీ మిగతాదాంట్లో ఓడిపోను.

కడిగేది సాగర్. పాత పటాలు బాగుచేయడం అతని వృత్తి. చీకటి గదిలో ఒక ఊదారంగు దీపం వేసి మన పటం చూపించాడు. పాత రంగు ఒక తీరుగా, దాని మీద తరవాత పూసిన రంగు ఇంకో తీరుగా మెరిశాయి. గొంగడి, ఆమె ముఖం, గొర్రెల నలుపు, పిల్లనగ్రోవి మనిషి రుమాలు, ధోవతి, చెప్పులు, ఇవన్నీ తరవాతవే. కింద ఉన్నది గ్రీకుల కథ.

పాన్ అని వాళ్లకు మందలను కాచే దేవుడు ఒకడున్నాడు. నడుము దాకా మనిషి, కింద మేక, తల మీద కొమ్ములు. వాడు సిరింక్స్ అనే వనకన్య వెంట పడ్డాడు. ఆమె ఉరికి ఉరికి ఏటి ఒడ్డుకు చేరింది. ఇక దారి లేక రెల్లుగడ్డిగా మారిపోయింది. పాన్ ఆ రెల్లునే కోసి పిల్లనగ్రోవి చేసుకున్నాడు. మన పటంలో ఆమె ఇంకా రెల్లు కాలేదు. ఒంటి మీద నూలుపోగు లేకుండా ఏటి ఒడ్డున నిలబడి ఉంది.

యూరప్ చిత్రకారులు వందల ఏళ్లు ఇట్లాంటి గొల్లల లోకాన్ని గీశారు. దాని పేరు ఆర్కేడియా. గ్రీసులో నిజంగానే ఉన్న కొండల సీమ అది. కానీ పటాల్లో అక్కడ ఎండా ఆకలీ ఉండవు. గొల్లలు చెట్టు నీడన పాడుకుంటూ ఉంటారు, గొర్రెలు వాటంతట అవే మేస్తాయి. పట్నంలో కొలువు చేసి అలసినవాళ్లు గోడకు తగిలించుకున్న కల అనుకో.

మన పటం నూట యాభై ఏళ్ల కిందట ఇంగ్లండులో చెయ్యి తిరిగినవాడెవరో చేసిన నకలని మేడం అంచనా. డిసెంబర్‌లో ఇక్కడ ఒక గ్యాలరీలో ఆర్కేడియా పటాల ప్రదర్శన ఉంది. మనది దానికి ఎంపికైంది. నా థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం దాని మీదే. హాస్టల్ చూసుకునే పాస్టరు స్టీఫెన్ అయ్యగారు ఒప్పుకొని సంతకం కూడా పెట్టారు.

నిజం మీద ముసుగు వేస్తే చివరికి ముసుగే పాచిపోతుందని నాకు చెప్పింది నువ్వే కదా?

నీ స్తుతి


మంచిర్యాల
జూలై 26

స్తుతికి,

నా మాటను నా మీదికే తిప్పావు, సంతోషం. కానీ నేనన్నది ముసుగు గురించి. గొంగడి పాచిపోదు. వానకు తడిసినకొద్దీ ఇంకా గట్టిపడుతుంది.

నీ పాన్ కథ రెండుసార్లు చదివాను. పిల్ల గడ్డి అయిపోయినా వాడు వదలలేదు, కోసి మూతికి పెట్టుకున్నాడు. దీన్ని మీ పుస్తకాలు సంగీతం పుట్టుక అంటాయి కాబోలు. మంచిర్యాల పోలీస్ స్టేషన్లో దీనికి వేరే పేరుంది.

ఆర్కేడియా సంగతి కూడా అర్థమైంది. అక్కడి గొల్లలను ఎవరైనా ఒక మాట అడిగారా? మా బాపు కురుమాయన. దీపావళి దాటగానే మందను తోలుకొని గోదావరి అవతలికి పోయేవాడు. రాత్రి ఏ రైతు చెలకలో మంద ఆపితే ఎరువు ఆ రైతుకు, జొన్నలు మాకు. వానలు ముదిరితే గొర్రెల గిట్టలు కుళ్లేవి, ఒక్కొక్క దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకొని కడిగేవాడు. పిల్లనగ్రోవి ఉండేది, అబద్ధమెందుకు? నిద్ర రాకుండా ఊదేవాడు. ఆయన నిద్రపోతే తోడేలు వచ్చేది.

ఇక నీ అధ్యాయంలో "అజ్ఞాత చిత్రకారుడు" అని రాసి నవ్వులపాలు కాకముందే చెబుతున్నాను. ఆ చేతగానివాడు నేనే.

1967. నాకు పద్దెనిమిదేళ్లు, హాస్టల్లోనే ఉండి చదువుకుంటున్నాను. పటం తెచ్చింది అప్పట్లో హాస్టల్ నడిపిన ఇంగ్లీషామె, మా పెద్ద దొరసాని. ఆమెకు అది కళ. మాకు మాత్రం దాని కింద అన్నం తినాలంటే తల ఎత్తలేని సిగ్గు. ఇంతలో బిషప్పుగారు వస్తున్నారన్నారు. సంఘం పెద్దలు వచ్చి, "అయ్యగారు బువ్వ తినేటప్పుడు ఎదురుంగ గీ బొమ్మనా దొరసానమ్మా?" అని మొత్తుకున్నారు. బడిలో బొమ్మలు వేసేదాన్ని నేనొక్కదాన్నే. దొరసాని నన్ను పిలిచి, "రిబ్కా, ఈ అమ్మాయికి ఏదైనా తొడుగు" అంది. ఊళ్లో బోర్డులు రాసే ఆయన దగ్గర మిగిలిన రంగు డబ్బాలు తెప్పించింది.

మూడు రోజులు పట్టింది. ముందు గొంగడి కప్పాను. గొంగడిలోంచి తెల్లటి దొరసాని ముఖం చూస్తుంటే జాతరలో తప్పిపోయినదానిలా ఉంది, అందుకని ముఖం మార్చాను. పాన్‌ను చూసి చిన్నపిల్లలు సైతాను అని జడుసుకునేవాళ్లు. కొమ్ముల మీద రుమాలు చుట్టి, మేకకాళ్లకు ధోవతి కట్టి, కిర్రు చెప్పులు తొడిగాను. నల్లరంగు ఇంకా మిగిలితే గొర్రెల సంగతి చూశాను. బిషప్పుగారు కడుపునిండా తిని, పటం చాలా బాగుందని మెచ్చుకొని పోయారు.

ఇదీ చరిత్ర. రాసుకో. కానీ కడగవద్దు. నాకు ఇష్టం లేదు, అంతే.

అమ్మమ్మ


హైదరాబాద్
ఆగస్టు 12

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి డిపార్ట్‌మెంట్ మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదేం? పాన్‌కు కిర్రు చెప్పులు తొడిగిన మనిషి మనవరాలినని తెలిసి మా క్లాసులో నా ఇజ్జత్ పెరిగింది.

కానీ నీతో పోట్లాడాలి. నువ్వు ఇష్టపడి వేసింది కాదు కదా అది? పెద్దలు గోల చేస్తే, దొరసాని చెబితే, ఒక పూట భోజనం కోసం కప్పావు. అప్పటి భయం అది. దాన్ని ఇప్పుడు మనం కాపాడాలా? "మీ అమ్మమ్మ చేసిన పనిని ఫోటోలు తీసి అధ్యాయంలో పెట్టు. కానీ పటం మాత్రం పటమే, ఇంటివాళ్ల ముచ్చట వేరే" అని మేడం అంటోంది. నువ్వేమో "ఇష్టం లేదు, అంతే" అన్నావు. నేను అట్లా రాస్తే నువ్వు సున్నా మార్కులు వేసేదానివి.

నిన్న సాగర్ చిన్న పరీక్ష చేశాడు. ఆమె గడ్డం మీద మూడు పచ్చటి మచ్చలున్నాయి. హాస్టల్ గోడ చెమ్మకు పట్టిన బూజు అనుకున్నాడు. ఒకదాన్ని మందులో ముంచిన దూదితో తుడిస్తే పైరంగుతో సహా వచ్చేసింది. కింద మినపగింజంత మేర అసలు చర్మం బయటపడింది. పాల మీగడ రంగు! కింద ఆమె చాలా అందంగా ఉంది అమ్మమ్మా. ఈ నెల ఇరవై ఐదు, సోమవారం నుంచి మొత్తం తీయడం మొదలుపెడతాడు. ముఖంతోనే మొదలు.

కారణం ఏదైనా ఉంటే అంతలోపు రాయి.

స్తుతి


మంచిర్యాల
ఆగస్టు 16

స్తుతీ,

అది బూజు కాదు. పచ్చబొట్టు. మా అవ్వది, అంటే నన్ను కన్నతల్లిది.

ఆమె పేరు కమలవ్వ. బాపు బాప్తిస్మం తీసుకున్నాడు, నన్ను తెచ్చి హాస్టల్లో వేశాడు. అవ్వ తీసుకోలేదు. అప్పటి పాస్టరయ్యగారు ఇంటికొచ్చి నచ్చజెప్పబోతే, "గొర్లు మా మల్లన్న దేవునియి. మందను ఇడిచిపెట్టి నేను యాడికి రావాలె అయ్యా?" అంది. అంతే, ఇంకెవరూ అడగలేదు. అంగడి రోజున నన్ను చూడటానికి వచ్చి గేటు బయటే నిలబడేది. లోపలికి రమ్మని నేను చెయ్యి పట్టి గుంజితే, "నా ఒంటినిండ గొర్ల వాసన బిడ్డా. మీ దొరసాని ముక్కు మూసుకుంటది" అని నవ్వేది. ఒక్కనాడూ గేటు దాటలేదు.

నాకు పదిహేనేళ్లప్పుడు మందతో గోదావరి అవతల ఉండగా జ్వరమొచ్చి పోయింది. కబురు నాలుగు రోజులకు అందింది. నేను పోయేసరికి మట్టి కూడా ఆరిపోయింది. ఆమెకు ఫోటో లేదు. ఒక్కటి కూడా లేదు.

మూడేళ్ల తరవాత దొరసాని బ్రష్షు చేతికిచ్చింది. అప్పటికే ఆమె ముఖం నాకు జారిపోతోంది. ముక్కు గుర్తుంది, గడ్డం మీది మూడు చుక్కలు గుర్తున్నాయి. కళ్లు ఎంతకీ రాలేదు. అందుకే గొర్రెల దిక్కు చూస్తున్నట్టు తల పక్కకు తిప్పాను. ఎవరైనా దాన్ని కళ అని రాస్తే కొట్టేయి, మతిమరుపు అని రాయి. అట్లా గేటు దాటని మనిషిని భోజనశాల గోడ ఎక్కించాను. దొరసాని "ఎవరీమె?" అంటే "ఎవరూ కాదు, గొర్లు కాసే ఆమె" అన్నాను. బాప్తిస్మం లేని మనిషి ఎదుట పిల్లలు కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తున్నారని తెలిస్తే పెద్దలు ఆనాడే సున్నం కొట్టించేవాళ్లు. తరవాతైనా చెప్పి ఉండవచ్చు. అప్పటికి చెప్పకపోవడం అలవాటైంది. మీ అమ్మకు కూడా తెలియదు.

పెద్దల భయంతో కప్పానన్నావు. గొంగడి దాకా నిజం. ముఖం నా సొంతం.

కింద ఉన్న పిల్ల అందంగా ఉందన్నావు. ఉంటుంది. ఆమె మీద నాకేం కోపం లేదు. వాడికి చిక్కకుండా ఉరికి అలసిపోయిన పిల్ల, యాభై ఎనిమిదేళ్లుగా మా అవ్వ గొంగడి కింద తలదాచుకుంది. ఇప్పుడు లాగి మళ్లీ వాడి ముందు నిలబెడతారా?

కారణం అడిగావు, రాశాను. మార్కులు నువ్వే వెయ్యి.

రిబ్కమ్మ


ఖానాపూర్
ఆగస్టు 23

అమ్మమ్మా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. అరగంటలో సాగర్ దగ్గరికి పోయాను. అతడు చదివి పటం మీద గుడ్డ కప్పేశాడు. ఆ చుక్క తీసినందుకు నీకు క్షమాపణ చెప్పమన్నాడు. నా క్షమాపణ నేనే వచ్చి చెబుతాను.

మేడంతో మాత్రం పెద్ద గొడవైంది. వనకన్య కనిపించకపోతే గ్యాలరీవాళ్లకు పటం అక్కర్లేదు. "డిసెంబర్ పోయినట్టే. నీ అధ్యాయం కూడా మొదటి నుంచి రాసుకోవాలె, తెలిసే చేస్తున్నవా?" అంది. తెలిసే అన్నాను. ఇంకా కోపంగానే ఉంది.

నేను ఆపితే సరిపోదు. పటం హాస్టల్‌ది. సంతకం పెట్టిన స్టీఫెన్ అయ్యగారే వద్దనాలి. అందుకే ఇక్కడికి వచ్చాను. మధ్యాహ్నం భోజనశాలలో ఐదో తరగతిలో కొత్తగా చేరిన పిల్ల ఒకతి పళ్లెం ముట్టకుండా ఏడుస్తోంది. వార్డెనమ్మ ఆమె పీటను గోడ దిక్కు తిప్పి, "గొంగడవ్వ చూస్తున్నది, తిను" అంది. ఆ పిల్ల తలెత్తి, "యాడున్నది? గోడనే ఉన్నది" అని ఇంకా ఎక్కువ ఏడ్చింది. వార్డెనమ్మ నాలుక కరుచుకుంది. అరవై ఏళ్లుగా ఇల్లు గుర్తొచ్చి ఏడ్చే ప్రతి పిల్లనూ గొంగడవ్వ ఎదురుగా కూర్చోబెట్టి తినిపిస్తున్నారట కదా? ఇది నాకు ఏ పుస్తకంలోనూ దొరికేది కాదు.

అయ్యగారు నా మాట విన్నారు. "వద్దనడానికి కారణం కావాలమ్మా. కమిటీ ముప్పై ఒకటిన కూర్చుంటది. వాళ్లకేమని చెప్పాలె?" అన్నారు. నేను నోరు విప్పలేదు. అది నువ్వు చెప్పాల్సింది. చెప్పకపోతే కమిటీ ముందటి సంతకానికే కట్టుబడుతుంది, నేను చేయగలిగింది ఏమీ లేదు.

వస్తావా? నేను బస్టాండులో ఉంటాను.

స్తుతి


మంచిర్యాల
సెప్టెంబర్ 3

చిరంజీవి స్తుతికి, అమ్మమ్మ దీవెనలు.

బస్టాండు నుంచి నన్ను చెయ్యి పట్టి నడిపించి, చర్చి గుమ్మం దగ్గర వదిలి బయటే ఆగావు. మంచి పని చేశావు. లోపల జరిగింది నీకు ముక్కలు ముక్కలుగా చెప్పాను, ఇప్పుడు వరసగా రాస్తాను. రేపు నీ అధ్యాయంలో తప్పు పడకూడదు.

కమిటీలో కూర్చున్నవాళ్లు తొమ్మిదిమంది. అందులో ఐదుగురికి ఎక్కాలు చెప్పింది నేనే, కాబట్టి భయపడాల్సింది వాళ్లు. మొత్తం చెప్పాను. ఎవరి బొమ్మ, ఎందుకు వేశాను, ఎందుకు దాచాను. పెద్దమనిషి జాన్సన్ గొంతు సవరించుకున్నాడు. "టీచరమ్మా, తప్పుగ అనుకోవద్దు. బాప్తిస్మం లేని ఆమెను గిన్నేండ్లు గోడకు పెట్టినమా?"

"పెట్టినం జాన్సన్," అన్నాను. "మీ చెల్లె హాస్టల్ల చేరిన్నాడు మూడు పూటలు ముద్ద ముట్టలే. నాలుగో పూట ఎవల మొఖం చూసి తిన్నది? ఫోన్ చేసి అడుగు, నేను కూసుంటా."

అతడు ఫోన్ తీయలేదు. స్టీఫెన్ అయ్యగారు మాత్రం నవ్వారు. "మా అమ్మగూడ గామె ముందటనే తిన్నది టీచరమ్మా. సచ్చిపొయ్యేదాంక గొంగడవ్వ ముచ్చట చెప్తుండె" అన్నారు. కడగవద్దని చేతులెత్తమంటే తొమ్మిది చేతులూ లేచాయి. జాన్సన్ చెయ్యి కొంచెం ఆలస్యంగా లేచింది. చిన్నప్పుడూ అంతే, జవాబు పక్కవాడి పలకలో చూసి ఎత్తేవాడు.

ఇప్పుడు సాగర్‌కు నా మాటగా చెప్పు. పాన్ ఆయనకు కావాలంటే తీసుకోమను. రుమాలు, ధోవతి, చెప్పులు అన్నీ కడిగేయవచ్చు. కొమ్ములు ఎవరివి వాళ్లకు ఇచ్చేయాలి. ఈ కాలపు పిల్లలు టీవీలో అంతకంటే ఘోరాలే చూస్తున్నారు, జడుసుకోరు. గొర్రెలూ అవ్వా మాత్రం ఉన్నట్టే ఉండాలి. అప్పుడు పటం ఇంకా బాగుంటుంది చూడు. ఒక దేవుడు కొమ్ములతో సహా వచ్చి నిలబడి పిల్లనగ్రోవి ఊదుతుంటాడు. మా అవ్వ వాడి దిక్కు కూడా చూడదు. ఆమెకు మంద ఉంది, లెక్క తప్పకుండా చూసుకోవాలి.

చెరిగిన చుక్క జోలికి పోవద్దను. పటం వచ్చాక నేనే పెడతాను. చెయ్యి వణుకుతుందని మీ అమ్మ బెంగ. చుక్క పెట్టడానికి వణికే చెయ్యి చాలు.

మీ మేడం కోపం గురించి ఫికర్ పడకు. కొత్త అధ్యాయం మొదటి పేజీ పంపు, నేను దిద్దుతాను. ఆమెకు అది చూపించు. ఆర్కేడియాకు పోయినవాళ్ల గురించి ఆమె చాలానే చదివి ఉంటుంది, ఆర్కేడియా తన ఊరికి వస్తే గొంగడి కప్పి పనిలో పెట్టిన మనిషి గురించి ఎక్కడా చదివి ఉండదు. బొమ్మ కింద "అజ్ఞాత" అని రాయకు. కమలవ్వ, కురుమ ఆడమనిషి, మందతో తిరిగింది, వేసినది కూతురు. అంతే చాలు.

పటం ఈ నెల ఇరవైన ఖానాపూర్ వస్తుందని అయ్యగారు చెప్పారు. నువ్వు ముందురోజే మంచిర్యాల వచ్చి మార్కెట్లో ఇనుప సామాన్ల దుకాణానికి పో. ఆరంగుళాల కొక్కేలు రెండు తీసుకో, సన్నవి ఇస్తే వాపస్ ఇచ్చేయి. పది మూరల నైలాన్ తాడు కూడా కావాలి. గోడకు రంధ్రాలు చేసే మిషను మా పక్కింటి ఓంప్రకాశ్ దగ్గర ఉంది, నా పేరు చెప్పి అడుగు. పాత మేకుల జాగాలో కొట్టవద్దు. అవి దొరసాని నిలబడి చూడటానికి కొట్టించినవి. ఒక పిల్లను పీట మీద కూర్చోబెట్టి, ఆ పిల్ల తల ఎత్తకుండానే అవ్వ ముఖం కనబడేంత కిందికి కొలిచి, అక్కడ కొట్టించు.

అమ్మమ్మ